నన్ను చూస్తే ఎలుకలకు టెన్షన్

"ఏరా, అంత చదువు చదివి అమెరికా పోయి ఎలుకలు పడుతున్నావటగా?" అంది మా మేనత్త ఫోన్లో. నవ్వొచ్చింది కానీ, న్యూయార్క్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగంలో, చేరిన కొత్తలో నా పని నిజంగా అదే.

మా ల్యాబ్‌లో ఉండేవి మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే 5-హెచ్‌టీ1ఏ రిసెప్టర్ జన్యువు తీసేసిన చుంచెలుకలు. 1998లో మూడు బృందాలు వేర్వేరుగా ఇలాంటివాటిని తయారుచేసి ఒకే మాట చెప్పాయి: వీటికి బెదురెక్కువ.

బెదురుని కొలవడానికి ప్లస్ గుర్తులాంటి ఎత్తు బల్ల ఒకటి ఉంటుంది. రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఎలుకని నడిమధ్య వదిలి ఐదు నిమిషాలు కెమెరాలో చూడాలి. అది గోడల మధ్యకి దూరిపోతుంది. కాసేపటికి వెనక కాళ్లు లోపలే ఉంచి, ఒళ్లంతా సాగదీసి, మీసాలు ఆడించి, చటుక్కున వెనక్కి తగ్గుతుంది. మామూలువి చివరికి ధైర్యం చేసి బయటికొస్తాయి. జన్యువు లేనివి చాలావరకు రావు. ఒక్కో ఎలుక అయ్యాక పెంటికలు ఏరి, బల్లని ఆల్కహాల్‌తో తుడవడం కూడా నా వంతే.

నేను చేస్తే మాత్రం మామూలువి కూడా గోడలు వదల్లేదు. అదే బల్ల మీద పక్క సీటు చైనా అమ్మాయి చేస్తే తేడా స్పష్టంగా కనిపించేది. వీసా గడువు దగ్గర పడుతోంది, చేతిలో ఒక్క మంచి గ్రాఫ్ లేదు. జాకెట్‌కి పట్టిన తాలింపు వాసనేమోనని దాన్ని బయటే వదిలేశాను. డియోడరెంట్ మానేశాను. ఏమీ మారలేదు.

చివరికి మా బాస్ రెండు పేపర్లు చేతిలో పెట్టాడు. 1999లో ఒకే జాతుల ఎలుకల్ని ఆల్బనీ, ఎడ్మంటన్, పోర్ట్‌లాండ్‌లలో ఒకే పద్ధతిలో పరీక్షించినా ఫలితాలు కొన్ని కలవలేదు. 2014 పేపర్ ఇంకా విడ్డూరం: మగవాళ్లు వేసుకుని విప్పిన టీషర్టు దగ్గర పెట్టినా చాలు, ఎలుకల ఒత్తిడి పెరుగుతుందట. హైదరాబాద్‌లో నేర్చుకున్నట్టు తోక పట్టి ఎత్తడం మానేసి, గొట్టంలోకి ఎక్కించి మోయడం మొదలుపెట్టాను. కొంచెం నయం.

నాకు బాగా పట్టేసింది మాత్రం 2002 నాటి ప్రయోగం. మనదగ్గర జ్వరాలకు రాసే డాక్సీసైక్లిన్ మేతలో కలిపితే ఆ జన్యువు ఆగిపోయేలా ఎలుకల్ని తయారుచేశారు. పెద్దయ్యాక ఆపితే ఏమీ కాలేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన తొలి వారాల్లోనూ ఆపితే, తర్వాత రిసెప్టర్ తిరిగొచ్చినా బెదురు పోలేదు. ఆ పేపర్ చదివిన రాత్రి, ఇంట్లో పాకుతున్న మా చిన్నదాన్ని ఎత్తుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఎలుకల గదిలో మధ్యాహ్నానికే లైట్లు ఆరిపోతాయి, వాటికి రాత్రి కావాలి కాబట్టి. ఎర్ర బల్బు వెలుతురులో వాటి రాత్రిలో సగం గడిపి బయటికొస్తే చలికాలం చీకటి, ఇండియాలో తెల్లవారుజాము. అత్తకి అప్పుడే ఫోన్ చేసేవాణ్ణి.

ఏ పంజరంలో ఏ రకం ఉందో పరీక్ష చేసేవాడికి చెప్పరు. ఒకరోజు ఓ ఎలుక నేరుగా గోడల్లేని దారి చివరిదాకా వెళ్లి, అంచు పట్టుకుని కిందికి తొంగి చూసింది. ఇది మామూలుదేనని చైనా అమ్మాయితో కాఫీ పందెం కాశాను. సాయంత్రం లిస్టు తెరిచాం. జన్యువు లేనిదే. కాఫీ నేనే కొనిచ్చాను.