పగలు నీళ్ళ లారీ, రాత్రి ఫైరింజన్

విమానం దిగిన రోజు నన్ను క్వార్టర్‌కి తీసుకెళ్ళిన మనిషి తాళాలు చేతిలో పెట్టి, ముందుగా ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూపించాడు. దాని మీద మూడే నంబర్లు: పోలీసులు, హెల్త్ సెంటర్, ఫైర్. "ఇక్కడ ఎమర్జెన్సీ నంబర్ 911 పనిచేయదు. ఈ మూడూ కంఠతా పట్టు" అన్నాడు. తర్వాత నీళ్ళ ట్యాంకు ఉన్న చిన్న గది తలుపు తీశాడు. 1,200 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. "ఎంతుందో రోజూ చూసుకో. మంచు తుపాను వస్తే రెండు మూడు రోజులు మేం రాలేం."

ఆ "మేం" అన్న మాట సరిగా అర్థం కావడానికి నాకు ఒక చలికాలం పట్టింది. ఆయన మా ఊరి నీళ్ళ లారీ డ్రైవర్. ఫైర్ మోగితే ఫైరింజన్ నడిపేదీ ఆయనే.

నేనున్నది కెనడా ఉత్తరాన, నునావుట్‌లో, హడ్సన్ బే పడమటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అందరికీ అందరూ తెలిసిన చోటు కాబట్టి ఊరి పేరు రాయను. నునావుట్ 1999 ఏప్రిల్ 1న విడి ప్రాంతంగా ఏర్పడింది. విస్తీర్ణం దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌కి పన్నెండు రెట్లు పైమాటే. ఊళ్ళు మాత్రం 25. జనం 2021 లెక్కల్లో 36,858. మన దగ్గర ఒక మున్సిపల్ పట్టణంలోనే అంతమంది ఉంటారు. ఏ ఊరి నుంచీ ఇంకో ఊరికి రోడ్డు లేదు, కరెంటు లైన్లు లేవు. ప్రతి ఊరికీ సొంత డీజిల్ కరెంటు ప్లాంటు, సొంత నీళ్ళు, సొంత ఫైర్ దళం. పక్క ఊరి నుంచి ఫైరింజన్ వచ్చే మాటే లేదు. ఇకాలుయిట్ ఒక్కటే సిటీ. అక్కడ జీతం మీద పూర్తికాలం పనిచేసే ఫైర్ సిబ్బంది ఉన్నారు. మిగతా ఊళ్ళలో ఈ భారం మోసేది ప్రధానంగా వలంటీర్లే. పగలు వేరే పనులు చేసుకుంటూ, సైరన్ మోగితే పరుగెత్తుకొచ్చేవాళ్ళు.

నా ఉద్యోగం ఇక్కడి పురపాలక ఆఫీసులో లెక్కలు చూడటం. దాన్ని హామ్లెట్ ఆఫీసు అంటారు. ఇళ్ళకు నీళ్ళు, మురుగు, చెత్త, రోడ్ల మీద మంచు తీయడం, పిల్లల స్కేటింగ్ హాలు, ఫైర్ అన్నీ దాని కిందే. జీతాల జాబితా మొదటిసారి చూసినప్పుడు డిపార్ట్‌మెంట్లు చాలా కనిపించాయి, మనుషులు మాత్రం కొద్దిమందే. అవే పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒకే మనిషి రెండు మూడు చోట్ల ఉన్నాడు. పొరపాటుగా ఎక్కించారేమో అని అడిగాను. "కాదు, అది ఒకే మనిషి" అన్నారు.

ఇక్కడ నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. ఎండాకాలంలో పైపొర మాత్రం కాస్త కరుగుతుంది. అందుకే పైపులు పాతలేరు, ఇళ్ళు స్తంభాల మీద నిలబెడతారు. చెరువు నీళ్ళు శుద్ధిచేసి లారీలో నింపి, ఇంటింటికీ తిరిగి గోడకున్న పైపులోంచి ట్యాంకులోకి కొడతారు. వెనకాల ఇంకో లారీ వచ్చి మురుగు ట్యాంకు ఖాళీ చేస్తుంది. మురుగు ట్యాంకు నిండిపోతే ఇంట్లో నీళ్ళ పంపు దానంతటదే ఆగిపోతుంది. కాబట్టి రెండో లారీ రాకపోయినా కుళాయి తిప్పితే నీళ్ళు రావు.

నాది ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు. ఫ్లోరైడ్ నీళ్ళ మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. ట్యాంకర్ హారన్ వినపడితే బిందెలు పట్టుకుని ఎలా పరుగెత్తాలో నాకెవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడ మైనస్ 35లో ఆ లారీ రివర్స్ చేస్తున్న బీప్ వినపడినప్పుడు నా ప్రాణం లేచి వచ్చేది. ఆ డ్రైవర్‌ని నేను మొదటి రోజు నుంచీ గౌరవించడానికి కారణం అదే.

కానీ మొదటి ఏడాది ఆయనకి నేనొక అన్యాయం చేశాను.

ఇక్కడికి బరువైన సామాను ఏదొచ్చినా ఓడ మీదే. సముద్రం మీద మంచు కరిగాక, జులై నుంచి అక్టోబర్ లోపు వచ్చే ఓడలు. ఏడాదికి సరిపడా డీజిల్, బియ్యం బస్తాలు, ట్రక్కులు, కిటికీ అద్దాలు, అన్నీ అప్పుడే. ఓడకి ఎక్కించాల్సిన సామాను దక్షిణాన రేవుకి ఫలానా తేదీలోపు చేరాలి. తేదీ దాటితే విమానంలో తెప్పించుకోవాలి, లేదా మళ్ళీ ఏడాది ఆగాలి. ఫైరింజన్ పంపుకి కావలసిన ఒక విడిభాగం, కొత్త పైపులు, ఇంకో రెండు మాస్కుల కోసం డ్రైవర్ కాగితం పెట్టాడు. మూడు కొటేషన్లు కావాలని నేను ఆ కాగితం పక్కన పెట్టాను. మన ఆఫీసుల్లో నేర్చుకున్న పద్ధతి అది, తప్పు పద్ధతి కాదు. కానీ ఆ మూడో కొటేషన్ వచ్చేసరికి తేదీ దాటిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. పాత పంపునే విప్పి, శుభ్రం చేసి, బిగించుకున్నాడు. ఆ మౌనం నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. ఆ వారమే నేను కూడా వలంటీర్‌గా పేరిచ్చాను.

ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ, "అబ్బాయ్, లెక్కలు రాసే ఉద్యోగమని కదా పోయావు, మంటలతో నీకేం పని?" అని ఏడ్చినంత పని చేసింది. చిన్నప్పుడు ఎండాకాలంలో మా ఊరి బయట పూరిళ్ళు అంటుకున్న రోజు ఆమెకీ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఫైరింజన్ వచ్చేసరికి బూడిదే మిగిలింది. ఆ రోజు మగవాళ్ళంతా కాలుతున్న ఇంటిని వదిలేసి, పక్క ఇంటి కప్పు పీకి కింద పడేశారు. ఎందుకలా చేశారో నాకు అప్పుడు తెలియలేదు.

ఇక్కడ శిక్షణలో మొదట చెప్పింది అదే. ఫైరింజన్లో ఉండే నీళ్ళు నాలుగు వేల లీటర్లు అనుకుంటే, ఒక్క పైపు నిమిషానికి 400 లీటర్ల దాకా లాగేస్తుంది. పది నిమిషాల్లో ఖాళీ. వీధిలో నీళ్ళు పట్టుకునే హైడ్రెంట్లు లేవు. కాబట్టి ఇంటింటికీ తిరిగే నీళ్ళ లారీ వచ్చి ఫైరింజన్‌కి నీళ్ళందించాలి, అది ఖాళీ అయితే చెరువు దగ్గరికి పోయి మళ్ళీ నింపుకు రావాలి. మనుషులు బయటపడ్డాక ఆ ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది ఒక్క చూపులో తేల్చుకోవాలి. నిలవదనుకుంటే పక్క ఇంటి గోడ తడపాలి. మా ఊరి పెద్దలకి ఎవరూ పాఠం చెప్పకుండానే ఆ లెక్క తెలుసు.

శిక్షణ రాత్రుల్లో మాటల మధ్య పాత సంగతులు వచ్చేవి. 2015 ఏప్రిల్‌లో నునావుట్‌లోనే పాంగ్నిర్టుంగ్ అనే ఊళ్ళో కరెంటు ప్లాంటు తగలబడి, ఊరంతా ఎమర్జెన్సీ ప్రకటించిన సంగతి. ఏప్రిల్ అంటే సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంటుంది, ఓడ రాదు, జనరేటర్లు విమానంలో రావాలి. అదే ఏడాది సెప్టెంబర్‌లో కింగాయిట్ అనే ఇంకో ఊళ్ళో బడి కాలిపోయిన సంగతి. 2014లో ఇకాలుయిట్ చెత్త డంపు మే నుంచి సెప్టెంబర్ దాకా రగులుతూనే ఉండి, ఆ పొగ ఊరి మీద పడ్డ సంగతి. 2021 అక్టోబర్‌లో అదే ఊరి కుళాయి నీళ్ళలో ఇంధనం వాసన వచ్చి, డిసెంబర్ దాకా తాగొద్దన్నారు. జనం నదికి పోయి నీళ్ళు తెచ్చుకున్నారు, సీసాల నీళ్ళు విమానాల్లో దిగాయి. కరెంటు పోతే ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఆగుతుంది, ఫర్నేస్ ఆగితే పైపులు గడ్డకట్టి పగులుతాయి, గడ్డకట్టిన చోట కరిగించబోయి ఎవరో మంట పెడతారు. ఇక్కడ ఒకటి తెగితే మిగతావన్నీ వరసగా తెగుతాయి.

నేను చూసిన పెద్ద ప్రమాదం ఒక ఫిబ్రవరి రాత్రి. ఒంటిగంట దాటాక సైరన్. మైనస్ 38, పైన గాలి. మేం చేరేసరికి వంటింటి కిటికీలోంచి మంట బయటికొస్తోంది. నా పని పైపు లాగడం, లోపలికి వెళ్ళేవాళ్ళ వెనక నిలబడి అందివ్వడం. డ్రైవర్ నా చేతిలో నాజిల్ పెట్టి, "పూర్తిగా కట్టెయ్యకు, సన్నగానైనా పారనివ్వు. ఆగితే గడ్డకడుతుంది" అన్నాడు.

మెట్ల పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల నిలబడి ఉంది. ఎవరిదో పెద్ద కోటు కప్పారు. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. పిల్ల మాట్లాడలేదు, నా మొహంలోకే చూసింది. మళ్ళీ అడిగాను. కనుబొమలు పైకెత్తింది, అంతే. భయంతో నోరు పెగల్లేదనుకుని మూడోసారి అడగబోయాను. పక్కనుంచి వెళుతున్న డ్రైవర్ ఆ పిల్ల మొహం ఒక్కసారి చూశాడు. "ఉన్నారంటోంది" అని అరిచి, మాస్క్ బిగించుకుని ఇంకొకతనితో లోపలికి పోయాడు.

ఇక్కడి మూలవాసులైన ఇన్యూట్ మనుషులు అవునంటే కనుబొమలు ఎత్తుతారు, కాదంటే ముక్కు చిట్లిస్తారు. ఆఫీసులో ఏడాదిన్నరగా రోజూ చూస్తున్నదే. తెలుసు. కానీ ఆ టెన్షన్లో నాకు తట్టలేదు. ఆ పిల్ల మొదటిసారే జవాబు చెప్పిందేమో, నేనే చూడలేదేమో. పోయింది పది సెకన్లు కావచ్చు, ఇరవై కావచ్చు. ఇప్పటికీ నిద్రలో ఆ సెకన్లు లెక్కపెట్టుకుంటాను.

వెనక గదిలో ఉన్న తాతని దుప్పటి మీద వేసి లాక్కొచ్చారు. ఊపిరి ఉంది. ఊళ్ళో డాక్టర్ ఉండడు, నర్సులే. ఆ గాలికి రోగుల్ని తీసుకెళ్ళే మెడివాక్ విమానం దిగలేక మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. అప్పటిదాకా నర్సులు ఆక్సిజన్ పెట్టి, పక్కనుంచి కదలకుండా కాపాడారు. ఆయన్ని దక్షిణాన ఉన్న విన్నిపెగ్ నగరానికి తీసుకెళ్ళారు, వసంతంలో తిరిగొచ్చాడు.

ఇల్లు నిలవలేదు. పక్క ఇల్లు నిలిచింది. దాని గోడంతా మేం కొట్టిన నీళ్ళే అరచేతి మందాన మంచు కట్టింది. తెల్లవారుజామున పని ముగిసేసరికి పైపులు కర్రల్లా బిగుసుకుపోయాయి, చుట్టడం కుదరదు. ఉన్నవాటిని ఉన్నట్టే ట్రక్కు మీద పేర్చి, గ్యారేజీలో నేల మీద పరిచి కరగనిచ్చాం. నా కోటు విప్పి నేల మీద పెడితే పడిపోకుండా నిలబడింది.

ఇంటికెళ్ళి రెండు గంటలు పడుకున్నాను. ఆఫీసుకొస్తూ చూస్తే నీళ్ళ లారీ రోడ్డు మీద ఉంది. ఆయనే నడుపుతున్నాడు. రాత్రి మంటకి పోసిన నీళ్ళు ఇళ్ళకి పోయాల్సినవి. ఊళ్ళో సగం ట్యాంకులు అడుగంటాయి. లోకల్ రేడియోలో "నీళ్ళు ఇవాళ ఆలస్యం" అని చెప్పారు. ఫిర్యాదు చేస్తూ ఆఫీసుకి ఒక్క ఫోన్ కూడా రాలేదు. ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు ఆయనకి వేడి టీ, బన్నాక్ రొట్టె పట్టుకుని నిలబడ్డారట.

ఆ ఉదయం నాకు పట్టరాని కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. నిద్రలేని మనిషి మంచు రోడ్డు మీద టన్నుల కొద్దీ నీళ్ళ బండి నడపాల్సి రావడం త్యాగం అని పొగిడి వదిలేసే విషయం కాదు. నాలాంటివాళ్ళు బయటి నుంచి రెండేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చి పోతుంటాం. ఊరిని మోసేది జీతాల జాబితాలో మళ్ళీ మళ్ళీ కనిపించిన ఆ కొద్దిమందే. ఒకరికి జబ్బు చేస్తే నీళ్ళూ ఆగుతాయి, ఫైరూ ఆగుతుంది. వాళ్ళకి ఇంకో ఇద్దరు తోడు కావాలి, ఫైర్ జరిగిన మర్నాడు జీతంతో సెలవు కావాలి. కాల్‌కి ఇంత అని ఇచ్చే చిన్న మొత్తం చాలదు. కౌన్సిల్ మీటింగుల్లో ఈ మాట మూడుసార్లు కాగితం మీద పెట్టాను. మొదటి రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి సెలవు సంగతి ఒప్పుకున్నారు. రెండో డ్రైవర్ పోస్టు ఇంకా బడ్జెట్ దగ్గరే ఆగింది, ఈ మార్చిలో మళ్ళీ పెడుతున్నాను.

పంపు విడిభాగం మరుసటి ఓడలో వచ్చింది. ఇప్పుడు ఫైర్ సామాను కాగితం నా బల్ల మీదికి ఏప్రిల్‌లోనే వస్తుంది, ఆ రోజే కదులుతుంది.

ఇవాళ సాయంత్రం తుపాను హెచ్చరిక ఉంది. కిటికీలోంచి చూస్తే ఎదుటి ఇల్లు కనిపించడం లేదు. ఆఖరి ఇంటికి నీళ్ళు పోశాక ఆయన ఖాళీ లారీని గ్యారేజీకి తీసుకెళ్ళలేదు, మళ్ళీ చెరువు వైపు తిప్పాడు. నింపి, వెచ్చగా ఉన్న గ్యారేజీలో ఫైరింజన్ పక్కన నిలబెట్టి, తాళం గోడకి తగిలిస్తేనే ఆయన రోజు ముగిసినట్టు. ఇందాకే రేడియోలో ఆయన గొంతు వినిపించింది: లారీ నిండింది, లోపల పెట్టాను, ఇంటికి పోతున్నాను.