పైథాన్ తేదీకి తెలుగు, ఒడియా నెలలు నేర్పిన తీరు: నా అనుభవం

ఒడిశాలోని మా బరంపురంలో ఒకే రోజుకు తెలుగు పంచాంగం ఒక నెల పేరు, ఒడియా పంజి ఇంకో నెల పేరు చెప్పడం మామూలే. ఆ రెండింటినీ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని తేదీ చేతే పలికించాలని సరదాకి మొదలెట్టిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఇది. మామూలు తేదీ చేసే పనులన్నీ చేస్తూనే, చుక్క పెట్టి తిథి, మాసం, సంవత్సరం అని తెలుగులో అడిగితే చెప్పాలి.

ఇలా చుక్క పెట్టి పిలిచేదాన్ని మెథడ్ అంటారు. పైథాన్ 3లో మెథడ్‌కి తెలుగు పేరు పెట్టుకోవచ్చు. కానీ పేరు మధ్యలో పొల్లు వస్తే కొన్ని కీబోర్డులు దాని వెనక కంటికి కనపడని, అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని చేరుస్తాయి. పైథాన్ దాన్ని ఒప్పుకోక సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది, అది నయం. మరో భాష జావాస్క్రిప్ట్ ఒప్పేసుకుంటుంది, అప్పుడు చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే రెండు పేర్లు రెండు వేర్వేరు మెథడ్లవుతాయి. అందుకే మధ్యలో పొల్లు వచ్చే పేర్లన్నీ మానేశాను.

పైథాన్‌లో తేదీకి అచ్చు లాంటి డేట్ క్లాసుతో చేసిన విలువ ఒకసారి కట్టాక మారదు. కాబట్టి తిథి లెక్కకు కావాల్సిన ఊరి అక్షాంశ రేఖాంశాలను కట్టాక నడిచే __init__ అనే డండర్ ఇనిట్‌లో కాదు, కట్టేటప్పుడే నడిచే __new__ అనే డండర్ న్యూలో అందుకోవాలి. పైథాన్ 3.8కి ముందు మన తేదీకి ఇన్ని రోజులని చెప్పే టైమ్‌డెల్టా కలిపితే మామూలు డేటే తిరిగొచ్చేది, తిథి మాయమయ్యేది. కనీస వెర్షన్ 3.8 అని పెట్టడానికి కారణం అదే.

సంవత్సరం పేరు సులువు. ప్రభవ 1987 ఉగాదితో మొదలైంది. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 1987 తీసేసి 60తో భాగిస్తే మిగిలే శేషమే వరస, సున్నా అంటే ప్రభవ. ఉగాదికి ముందు రోజులకు ఒక ఏడాది తగ్గించాలి: 2026 జనవరి ఇంకా విశ్వావసుయే, పరాభవ మార్చి 19న వస్తుంది. 1986కి పైథాన్ శేషం 59, అంటే అక్షయ, సరైనదే. జావాస్క్రిప్ట్‌లో మైనస్ 1 వస్తుంది, 60 కలిపి మళ్లీ శేషం తీయాలి.

తిథికి చంద్రుడి స్థానంలోంచి సూర్యుడి స్థానం తీసేసి, 360 లోపుకి తెచ్చి, 12 డిగ్రీలతో భాగించాలి. ఇక్కడ అయనాంశ (రాశిచక్రం మొదలుని నక్షత్రాలకు సరిచేసే డిగ్రీల సవరణ) అక్కర్లేదు, తీసివేతలో పోతుంది. మాసానికి మాత్రం తప్పదు. లెక్క సూర్యోదయానికి కట్టాలి. బరంపురానికీ మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచకూ సూర్యోదయంలో సుమారు 20 నిమిషాల తేడా. ఆ సందులో తిథి మారిందంటే రెండు ఊళ్లకు రెండు తిథులు. ఊరు చెప్పకుండా తిథి అడిగితే లైబ్రరీ ఎర్రరే ఇవ్వాలని నా పట్టుదల.

ఎక్కువ రోజులు పట్టింది ఒడియా మాసానికే. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ల చాంద్రమాన నెల పున్నమితో. 2026 ఏప్రిల్ 10 మనకు చైత్ర బహుళం, వాళ్లకు వైశాఖ కృష్ణపక్షం. బహుళ పక్షమైతే నెలకు ఒకటి కలిపితే చాలనుకున్నాను. టెస్టులు పాసయ్యాయి కూడా, ఎందుకంటే వాటిలో అధిక మాసం లేదు. 2026 జూన్ 5 ఇవ్వగానే ఆషాఢం అని వచ్చింది. ఆ రోజు రెండు లెక్కల్లోనూ అధిక జ్యేష్ఠమే: పూర్ణిమాంతంలో, అంటే పున్నమితో ముగిసే లెక్కలో, నిజ (మామూలు) జ్యేష్ఠ కృష్ణపక్షం ముందొచ్చి, అధిక మాసం రెండు పక్షాలూ నడుమ పడి, నిజ జ్యేష్ఠ శుక్లపక్షం చివరికి వెళ్తుంది. అధికమైతే ఒకటి కలపొద్దు అన్న షరతు కోడ్‌లో ఒక్క లైనే. ఆ తేదీ ఇప్పుడు టెస్టుల్లో అన్నిటికంటే ముందుంది.