సరుకు లేని బిల్లు

మొన్న 20వ తేదీ మధ్యాహ్నం, విశాఖ ద్వారకానగర్‌లో మా అకౌంట్స్ ఆఫీసు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకి 20 అంటే ఏంటో చెప్పక్కర్లేదు, నెల లెక్క చూపి పన్ను కట్టే 3బి రిటర్నుకి ఆఖరు రోజు. పోర్టల్ గిరగిరా తిరుగుతోంది, ఫోన్లు మోగుతున్నాయి, పొద్దున తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం అలాగే ఉంది. ఆ హడావిడిలో ఒకమ్మాయి వచ్చి నా టేబుల్ పక్కన నిలబడింది. చేతిలో ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్.

"అక్కా, సార్ మిమ్మల్ని అడగమన్నారు. సంతకం ఒక్కటే."

తెరిచి చూశాను. పదిహేను వారాలూ నిండిపోయి ఉన్నాయి. ఒకే పెన్ను, ఒకే వాలు రాత. కనుమ పడ్డ తేదీన "బ్యాంక్ రీకన్సిలియేషన్ నేర్చుకున్నాను" అని ఉంది. కనుమ నాడు మా ఆఫీసు తలుపు తీసి అది నేర్పిన మహానుభావుడెవరో నాకూ చూడాలనిపించింది.

నవ్వొచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. ఇలాంటి పుస్తకం ఒకటి నాదీ ఉంది కాబట్టి.

మాది గాజువాక. బీకాం కంప్యూటర్స్ చదివాను, ఆంధ్రా యూనివర్సిటీ అనుబంధ కాలేజీలో. మన రాష్ట్రంలో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు, 4 క్రెడిట్లు. రెండో ఏడాది అయ్యాక రెండు నెలల చిన్న ఇంటర్న్‌షిప్, ఇంకో 4. చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం, 12. మొత్తం 20 క్రెడిట్లు క్లాసు బయటే సంపాదించాలన్నమాట. 180 గంటలకి 4 అంటే క్రెడిట్‌కి 45 గంటలు పడుతుంది. జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ లెక్కలో ఒక క్రెడిట్‌కి 30 గంటలే. ఇప్పుడు లెక్కేసి చూస్తే మా గంట రేటు కాస్త తక్కువగానే కట్టారు అనిపిస్తుంది. అప్పుడు ఇలాంటి లెక్కలు నాకు తట్టేవి కావు, సంతకాలు ఎక్కడ దొరుకుతాయన్నదే మా అందరి బెంగ.

మొదటిది నిజంగానే చేశాను. మా ఐదుగురి బృందానికి ఫిషింగ్ హార్బర్ దగ్గరి మత్స్యకారుల పేట పడింది. అవి వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు కడలిలోకి వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలన్నీ జెట్టీకి పక్కపక్కన ఆనుకుని ఉన్నాయి, మగవాళ్లు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నాపత్రం నింపాలి. అందులో ఐదో గడి 'కుటుంబ నెలసరి ఆదాయం'.

ఒక ముసలామె, ఎండు నెత్తళ్లు తిరగేస్తూ, నా పెన్ను వైపు చూసి అంది: "నెలకెంతని సెప్పమంతావు పాపా? మాకు నెలెక్కడుంది? పొద్దు పొద్దుకీ లెక్కే."

కూర్చోబెట్టి చెప్పింది. వేట ఉన్న రోజుల్లో తెల్లారకుండా హార్బర్‌కి వెళ్లి వేలంపాటలో చేప కొంటుంది. చేతిలో డబ్బుండదు. 900 తీసుకుంటే సాయంత్రానికి 1000 ఇవ్వాలి. కానాగంతలు ఉన్న రోజు ఒక లెక్క, కోణెం దొరికిన రోజు ఇంకో లెక్క, వానొస్తే గంప అలాగే తిరిగొస్తుంది, అయినా ఆ వంద ఆగదు. నిషేధం రోజుల్లో వేటకెళ్లే కుటుంబాలకి ప్రభుత్వం అప్పట్లో 10,000 రూపాయలిచ్చేది. "అది మగోడి పడవ లెక్క. గంప లెక్క ఎవులడిగేరు?" అంది.

ఐదో గడిలో ఏం రాయాలో తెలీక ఖాళీ వదిలేశాను. కాలేజీలో మెంటర్ సార్ ఖాళీ ఉండకూడదన్నారు. 8,000 అని రాసేశాను. ఆ అంకె ఎక్కడి నుంచి తెచ్చానో ఇప్పటికీ నాకు తెలీదు. మా బృందంలో అందరి రిపోర్టుల్లోనూ 8,000, 9,000, 10,000 అనే ఉంటాయి. అంత చక్కని గుండు అంకెల పేట ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

మేం లేచి వచ్చేటప్పుడు ఆమె అన్న మాట మాత్రం బాగా గుర్తుంది. "రాసుకున్నోలు మల్లీ రారు." నిజమే, వెళ్లలేదు.

రెండోది కొన్నాను. ఇందులో ఇంకో మాట లేదు. సెలవుల్లో అందరూ ఫోన్లో లింకులు పంపుకుంటున్నారు, ఎక్కడో వేరే రాష్ట్రంలోని ఆన్‌లైన్ కంపెనీ. 1,500 కడితే రెండు నెలల 'అకౌంటింగ్ అండ్ టాక్సేషన్ ఇంటర్న్‌షిప్'. వారానికి ఒక వీడియో వచ్చేది, నేను రెండు చూశాను. ఆఖర్న పది ప్రశ్నల క్విజ్ పెట్టారు, తప్పు చేస్తే మళ్లీ చేయొచ్చు, ఒప్పయ్యే దాకా. సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర, ఇద్దరి సంతకాలు. లాగ్‌బుక్ ఒక్క రాత్రిలో మా అమ్మ సీరియల్ చూస్తుంటే పక్కన కూర్చుని నింపాను. పెన్ను మార్చి మార్చి రాసే తెలివి నాకుండేది, ఈ అమ్మాయికి అది కూడా లేదు. 4 క్రెడిట్లు పడ్డాయి. ఎండలో హార్బర్ చుట్టూ తిరిగినందుకు పడ్డవీ అవే 4.

ఇంజినీరింగ్ చదివే మా పిన్ని కొడుకు ఎన్‌పీటెల్ అనే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల గురించి చెబుతుంటాడు. అందులో వారం వారం అసైన్‌మెంట్లు, పన్నెండు వారాల కోర్సులో బాగా వచ్చిన ఎనిమిదిటి సగటు తీసి 25 మార్కులకి కడతారు. ఆఖరు పరీక్ష 75కి, సెంటర్‌కి వెళ్లి రాయాలి, దానికి వేరే ఫీజు. అసైన్‌మెంట్ల జవాబులు ఆదివారం రాత్రికే వాట్సాప్‌లో తిరుగుతాయట, క్లాసంతా 25కి 25. పరీక్ష హాల్లో మాత్రం ఎవడి పాట్లు వాడివే, అక్కడ కనీసం 30 రాకపోతే ఆ 25 దేనికీ పనికిరాదు. ఆ పద్ధతిని వాడు రోజూ తిడతాడు. నాకు మాత్రం మా ఇంటర్న్‌షిప్‌కి కూడా అలాంటి హాలు ఒకటి ఉండాల్సింది అనిపిస్తుంది. మాకు వైవా ఉండేది, ఉన్నదనడానికే. "ఏం నేర్చుకున్నావమ్మా?" "ట్యాలీ సార్." "గుడ్, నెక్స్ట్."

మూడోది ఈ ఆఫీసులోనే. నాన్నకి తెలిసినాయన ఇక్కడి సార్‌కి క్లయింటు. ఆరో సెమిస్టర్‌లో జనవరి నుంచి రమ్మన్నారు. స్టైపెండ్ లేదు, టీ మాత్రం రోజుకి రెండుసార్లు. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సులో ముప్పావుగంట, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కుంటే గంటంపావు. మొదటి రోజు సార్ నా సర్టిఫికెట్ చూశారు, బంగారు ముద్ర ఉన్నది. "ఇంకేం, అకౌంట్స్ చేసొచ్చావన్నమాట" అని ఒక ఫైలు ముందు పెట్టారు. హార్బర్ రోడ్డులో తాళ్లు, పెయింట్లు అమ్మే కొట్టు వాళ్ల కొనుగోలు బిల్లులు. ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించమన్నారు.

ఒక బిల్లు బరంపురం నుంచి వచ్చింది. లక్ష రూపాయల పెయింటు, 18 శాతం, పన్ను 18,000. అంతకుముందు ఎక్కించిన బిల్లులన్నిటిలో పన్ను చెరి సగం చేశారు కదా, నేనూ సగం సగం కొట్టాను. కేంద్రం వాటా సీజీఎస్టీ 9,000, రాష్ట్రం వాటా ఎస్జీఎస్టీ 9,000. కింద టోటల్ చూసుకుంటే సరిగ్గా 1,18,000 వచ్చింది. చాలా సంతోషించాను.

14న 2బి వచ్చింది. తెలియని వాళ్లకి ఒక్క ముక్కలో: మనకి సరుకు అమ్మినవాళ్లందరూ వాళ్ల రిటర్నుల్లో చూపించిన బిల్లులన్నీ కలిపి పోర్టల్ మనకిచ్చే జాబితా అది. మన పుస్తకాన్ని దాంతో పక్కపక్కన పెట్టి టిక్కు కొట్టుకుంటూ పోవాలి. ఆ బిల్లు దగ్గర టిక్కు పడలేదు. నాకు కారణం తెలీలేదు. సార్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. కోప్పడలేదు. బిల్లు మీద అమ్మినవాడి జీఎస్టీ నంబరు చూపించి, "మొదటి రెండంకెలు చదువు" అన్నారు.

"21 సార్."

"మనవి?"

పైన కొట్టు నంబరు చూశాను. "37."

"37 అంటే మనం. విడిపోక ముందు 28, తర్వాత 37. 36 తెలంగాణ. 21 ఎవరు?"

బరంపురం, ఒడిశా. రాష్ట్రం దాటిన సరుకు కాబట్టి పన్ను చెరి సగం కాదు, మొత్తం 18,000 ఐజీఎస్టీ. "టోటల్ సరిపోయింది కదా సార్" అన్నాను, ఏడుపు గొంతుతో. "నీ కాలిక్యులేటర్‌కి సరిపోయిందమ్మా, పోర్టల్‌కి సరిపోవాలిగా" అన్నారు. తర్వాత మామూలుగా, టీ తాగుతూ అడిగారు: "ఆ ఇంటర్న్‌షిప్‌లో ఏం చేయించారు?"

చెప్పేశాను. 1,500 సంగతి కూడా. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "సరుకు లేని బిల్లన్నమాట" అని లేచి వెళ్లిపోయారు.

మా లైన్లో అది చాలా పెద్ద మాట. సరుకు కదలకుండా బిల్లు మాత్రం తిప్పేవాళ్లుంటారు, పన్ను క్రెడిట్ కోసం, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మినప్పుడు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోడానికి. చట్టం ప్రకారం క్రెడిట్ కావాలంటే బిల్లు ఉండాలి, సరుకు చేతికందాలి, అమ్మినవాడు తన రిటర్నులో చూపించాలి, పన్ను కట్టాలి. సరుకు అందకుండా క్రెడిట్ వాడేసుకుని దొరికితే 18 శాతం వడ్డీతో వెనక్కి కట్టాలి, జరిమానా దానికి అదనం. నా వడ్డీ నేను ఆ నెలలో కట్టాను. ఇంటికెళ్లాక రాత్రి పదకొండు దాకా పాత బిల్లులు పెట్టుకుని కూర్చునేదాన్ని. అవేవీ లాగ్‌బుక్‌లో రాయలేదు, రాయడానికి అందులో రోజుకి నాలుగు లైన్లే ఉన్నాయి.

క్రెడిట్ల బ్యాంకు అని ఒకటుంది, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, 2021లో మొదలైంది. డిజీలాకర్‌లో 12 అంకెల ఐడీ తీసుకుంటే మనం సంపాదించిన క్రెడిట్లు అందులో జమ అవుతాయి, ఇంకో యూనివర్సిటీకి వెళ్తే పట్టుకెళ్లొచ్చు. కాకపోతే మనకై మనం ఎక్కించుకోలేం, చదివిన సంస్థే ఎక్కించాలి. డిగ్రీ అయిన చాలాకాలానికి కూడా నా ఖాతాలో ఆ చివరి 12 కనపడలేదు. నేను కాలేజీకి మూడుసార్లు తిరిగాను. అమ్మినవాడు రిటర్ను వెయ్యకపోతే మా క్లయింట్లు వాడి చుట్టూ తిరిగినట్టే. మూడోసారి వెళ్లినప్పుడు అక్కడి గుమాస్తా గారితో "సార్, మీరు మీ జీఎస్టీఆర్-1 వెయ్యలేదు" అన్నాను, అమ్మినవాడు వేసే రిటర్ను పేరది. ఆయనకి అర్థం కాలేదు గానీ నాకు కాస్త కడుపు చల్లబడింది. కొనుక్కున్న 4 మాత్రం మొదటి రోజు నుంచే భద్రంగా ఉన్నాయి.

సరే, మొన్నటి అమ్మాయి. సంతకం పెట్టనని చెబుదామనే నోరు తెరిచాను. అంతలో టైం చూసుకుంది. "అక్కా, రెండింటికి షాపులో ఉండాలి."

ఏ షాపు అంటే డాబాగార్డెన్స్‌లో చీరల షోరూమ్ పేరు చెప్పింది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా బిల్లింగ్ కౌంటర్లో పనట. ఏడాది నుంచి చేస్తోంది. ఆ జీతంతోనే ఫీజు కడుతోంది. నాకు నా 1,500 గుర్తొచ్చింది, అది నాన్న ఇచ్చినది. స్టైపెండ్ లేకుండా ఆరు నెలలు బస్సెక్కి రాగలిగానంటే ఇంట్లో నా జీతం కోసం ఎవరూ చూడట్లేదు కాబట్టి. అది నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

"ఏడాదిగా బిల్లింగ్ చేస్తున్నావు. ఇంకేం ఇంటర్న్‌షిప్ కావాలే నీకు? అక్కడే సంతకం పెట్టించుకోలేకపోయావా?"

"అడిగాను అక్కా. లెటర్‌హెడ్ మీద ఇవ్వరట, పీఎఫ్ గొడవలొస్తాయని. మా మెంటర్ సార్ కూడా సేల్స్ గర్ల్ పని చెల్లదన్నారు, అకౌంట్స్ ఆఫీసే కావాలన్నారు."

సరుకంతా ఉంది, బిల్లిచ్చేవాడే లేడు. నాది సరిగ్గా దీనికి తిరగేసిన కేసు.

3బి లు ఇంకా ఏడు మిగిలున్నాయి. లాగ్‌బుక్ నా సొరుగులో పెట్టాను. "పొద్దున తొమ్మిదిన్నరకి రా, ఒంటిగంటన్నరకి పంపించేస్తాను. నెల్లాళ్లు. కనుమ రోజుది కొట్టేసి రాయి" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది, రాదనుకున్నాను.

మర్నాడు పదింటికి వచ్చింది, అరగంట లేటు, నేనేం అనలేదు. పాత ఫైళ్లలోంచి కొన్ని కొనుగోలు బిల్లులు తీసి ముందు పెట్టాను. చీరల కౌంటర్ చెయ్యి కదా, అంకెలు కొట్టడంలో నా కన్నా వేగం. ఏడో బిల్లు దగ్గర చెయ్యి ఆగింది.

"అక్కా, దీని మీద పన్ను ఒకటే గడిలో ఉంది. మిగతావాటికి రెండు గడుల్లో ఉంది. షాపులో సూరత్ నుంచి వచ్చే సరుకు బిల్లులూ ఇలాగే ఉంటాయి, ఎందుకూ?"

నేను నా కుర్చీ దాని పక్కకి లాక్కున్నాను.