ఉడికిస్తే పోయేది, ఎంత ఉడికించినా పోనిది

హైదరాబాద్ నుంచి థాయిలాండ్ వెళ్ళే మనవాళ్ళు ఫుకెట్, పట్టాయా రాత్రి బజార్లలో ముందుగా జంకేది వింత ఆకారాల దగ్గరే. గొల్లభామలా ముందుకాళ్ళు ముడుచుకున్న జానెడు మాంటిస్ రొయ్య, చపాతీలా నలిగినట్టు ఉండే చదును తల లాబ్‌స్టర్, మంగలికత్తి పిడిలా పొడుగ్గా ఉండే ఆల్చిప్ప. వీటిని చూసి మొహం తిప్పుకుని, పక్క బండిమీద చర్మం ఒలిచిన తెల్లటి చేపముక్కల వేపుడు తెలిసినదానిలా కనిపిస్తే ధైర్యంగా కొనేస్తారు. నా దృష్టిలో ఇది పూర్తిగా తలకిందుల ఎంపిక. మొదటి మూడూ ప్రాణంతో ఉన్నవో, మంచులో పూడ్చి పెట్టినవో తీసుకుని ఆవిరిమీద బాగా ఉడికిస్తే చాలావరకు భయం లేకుండా తినొచ్చు. ఏ చేపో తెలియని ఆ తెల్లముక్క దగ్గరే ఆగి ఆలోచించాలి.

సముద్రపు తిండితో వచ్చే ప్రమాదాలు రెండు రకాలు. బ్యాక్టీరియా, వైరస్‌లు, పురుగులు ఒకవైపు. వేడి తగలాల్సినంత తగిలితే అవి చస్తాయి. రెండోవైపు విషాలు ఉన్నాయి. టెట్రోడోటాక్సిన్, సిగ్వాటాక్సిన్, గుల్లల్లో చేరే శాక్సిటాక్సిన్, హిస్టమిన్ ప్రాణులు కావు, రసాయనాలు. నూనెలో వేపినా, పులుసులో అరగంట మరిగించినా, ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంచినా అవి అలాగే ఉంటాయి. అందుకే "బాగా ఉడికిందా?" అని అడిగితే సగం పనే అయినట్టు. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఇది ఏ జాతి, పట్టిన దగ్గర్నుంచీ దీన్ని ఎలా ఉంచారు.

థాయిలాండ్‌లో జాతి విషయం ప్రాణం మీదికి తెచ్చేది హార్స్‌షూ పీతతో. బోర్లించిన మూకుడుకు తోక పెట్టినట్టుంటుంది. దాని గుడ్లను పచ్చిమామిడి తురుముతో కలిపి యమ్ ఖై మేంగ్‌దా అనే పేరుతో అమ్ముతారు. అక్కడి తీరంలో ఇవి రెండు జాతులు. పెద్దది మేంగ్‌దా చాన్, అంటే పళ్ళెం మేంగ్‌దా. దాని తోకను అడ్డంగా కోస్తే మూడు పలకలుగా ఉంటుంది. చిన్నది మేంగ్‌దా థూయ్, గిన్నె మేంగ్‌దా. దాని తోక గుండ్రంగా, నున్నగా ఉంటుంది. టెట్రోడోటాక్సిన్ ఉండేది ఈ చిన్నదాంట్లోనే. 1994 నుంచి 2006 మధ్య ఒక్క చోన్‌బురి ప్రాంతంలోనే ఈ గుడ్లు తిని వందల మంది ఆసుపత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు కూడా. పట్టాయా ఉండేది ఆ చోన్‌బురి రాష్ట్రంలోనే. తోక చూసి గుర్తుపట్టొచ్చు అనేది నిజమే గానీ, పళ్ళెంలోకి వచ్చేసరికి తోక ఉండదు, గుడ్లే ఉంటాయి. కాబట్టి నా సలహా ఒక్కటే: ఆ వంటకం జోలికి అసలు పోవద్దు.

ఇదే విషం ఒళ్ళు ఉబ్బించుకునే పఫర్ చేపలోనూ ఉంటుంది. థాయ్ ప్రభుత్వం 2002లో దాని అమ్మకాన్ని నిషేధించింది. తర్వాత కూడా చర్మం తీసిన ముక్కలను వేరే చేప పేరుతో అమ్మిన ఉదంతాలు బయటపడ్డాయి. తల, చర్మం, రెక్కలు ఉన్న చేపనే ఎంచుకుని, కళ్ళముందు కోయించుకోమనేది ఇందుకే. ఆక్టోపస్ పుల్లలు కాల్చే బండి దగ్గర కూడా ఒక్క క్షణం ఆగి చూడండి. అరచేతికంటే చిన్నగా ఉండి, ఒంటిమీద, కాళ్ళమీద ఉంగరాల్లాంటి గుండ్రటి మచ్చలు ఉంటే వద్దనండి. ఇదే విషం ఉండే నీలి ఉంగరాల ఆక్టోపస్ చచ్చాక రంగు వెలిసిపోతుంది, నీలం కనబడకపోవచ్చు. ఉంగరం ఆకారం మాత్రం మిగులుతుంది.

ఇక అందంగా, తాజాగా, రుచిగా ఉంటూనే దెబ్బ తీసేది సిగ్వాటెరా. పగడపు దిబ్బలమీద పెరిగే ఒక సూక్ష్మ నాచు నుంచి ఈ విషం పుడుతుంది. నాచును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప తింటూ పోయేకొద్దీ పైవాటి ఒంట్లో పేరుకుపోతుంది. బరకూడా, మోరే ఈల్, పెద్ద గ్రూపర్, ఎర్ర స్నాపర్ దీనికి పేరుమోసినవి. చేపకేమీ కాదు. మొప్పలు ఎర్రగానే, కళ్ళు మెరుస్తూనే ఉంటాయి, వాసన కూడా మారదు. ఈగలు వాలకపోతే విషమనీ, వెండి చెంచా నల్లబడితే విషమనీ దీవుల్లో చెప్పే పరీక్షలేవీ పనిచేయవు. ఇది మనకు దూరపు సంగతి కూడా కాదు. 2016లో మంగళూరులో ఎర్ర స్నాపర్ తలలు తిన్న చాలామంది దీని బారిన పడ్డారు. చేప తలకాయ పులుసంటే ప్రాణం పెట్టే మనం ఇది బాగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే విషం ఎక్కువగా చేరేది తల, కాలేయం, గుడ్లసంచి, పేగుల్లోనే. పగడపు దీవులకు వెళ్ళినప్పుడు రెండు మూడు కిలోలు దాటిన దిబ్బ చేప వద్దు, ఏ సైజుదైనా దాని తల వద్దు, బరకూడా, మోరే ఈల్ అసలే వద్దు. దిబ్బలకు దూరంగా నడిసముద్రంలో తిరిగే ట్యూనాతో ఈ బెడద లేదు.

ట్యూనాతో వచ్చే ఇబ్బంది వేరే, అది పూర్తిగా మనుషుల నిర్లక్ష్యం. ట్యూనా, కానాగంతలు, మాహీమాహీ కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. పట్టిన వెంటనే మంచులో పెట్టి 4 డిగ్రీల లోపు ఉంచకపోతే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఆ తర్వాత మంచులో పెట్టినా, నిప్పులమీద కాల్చినా పుట్టిన హిస్టమిన్ పోదు. చేప మంచులో పూడుకుని ఉందా, లేక కరుగుతున్న మంచు పైన అలంకారానికి పరిచారా అన్నది చూడండి. మొదటి ముద్దకే నాలుక మిరియం కొరికినట్టు చురుక్కుమంటే, మసాలాదేమో అని సర్దుకోకుండా ఉమ్మేయండి. అయితే ఆ చురుకు ప్రతిసారీ ఉండదు. తిన్న పది నిమిషాల నుంచి గంటలోపు మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తే ఇదే అనుకోవచ్చు. ఎక్కువమందికి అలర్జీ మందుతో తగ్గుతుంది, ఊపిరి ఆడకపోతే మాత్రం నేరుగా ఆసుపత్రికే. దీన్ని చేప అలర్జీ అనుకుని జన్మలో మళ్ళీ చేప ముట్టనివాళ్ళున్నారు. అది పడని చేప కాదు, పాడైన చేప.

ఇప్పుడు ఉడికిస్తే పోయేవాటి సంగతి. ఇక్కడ చిక్కంతా ఉడికించకపోవడంలోనే ఉంది. హోయ్ క్రెంగ్ అనే ఎర్రరసం గుల్లలను థాయ్‌లు వేడినీళ్ళలో కొన్ని సెకన్లు ముంచి తీసి, కారం, నిమ్మరసం కలిపిన చట్నీతో తింటారు. ఆ వండే తీరును లువక్ అంటారు. గుల్లలు తామున్న నీటిని వడకట్టుకుంటూ బతుకుతాయి. ఆ నీళ్ళలో మురుగు కలిస్తే అందులోని వైరస్ వాటి ఒంట్లో చేరుతుంది. 1988లో షాంఘైలో ఇలాంటి అరకొరగా ఉడికిన గుల్లల వల్లే దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్ ఏ వచ్చింది. ఆ వైరస్ చావాలంటే లోపలి మాంసం 90 డిగ్రీల దగ్గర 90 సెకన్లు ఉండాలి. చేతిలో థర్మామీటర్ ఉండదు కాబట్టి, నీళ్ళు మరుగుతుండగా చిప్పలు తెరుచుకున్నాక ఇంకో 3 నుంచి 5 నిమిషాలు ఉంచమనండి. వండకముందే నోరు తెరుచుకుని, తట్టినా మూసుకోనిది చచ్చిన గుల్ల, పక్కన పడేయాలి. నిమ్మరసం, మిరపకాయ, మద్యం ఏవీ క్రిములను చంపవు. నిమ్మరసంలో మాంసం తెల్లబడితే ఉడికినట్టు కనిపిస్తుందంతే. కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు పచ్చి ఆయిస్టర్లు ఒక్కటి కూడా తినకూడదు, విబ్రియో బ్యాక్టీరియా వాళ్ళకు ప్రాణాంతకం.

"ఆవ్ సుక్ సుక్" అంటే బాగా ఉడికించి ఇవ్వమని. ఈ మాట నేర్చుకుని వెళ్ళండి.

మంచినీటి చేపలకు, పీతలకు ఇంకో జాగ్రత్త. ఈశాన్య థాయిలాండ్‌లో కోయ్ ప్లా అని పచ్చి మంచినీటి చేపను నిమ్మరసంతో కలిపి తింటారు. అందులోని కాలేయపు పురుగు ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండిపోయి పిత్తనాళాల క్యాన్సర్‌కు దారితీయొచ్చు. బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లో కూడా పొలం పీతను పచ్చిగా దంచి వేసే రకం ఉంది, దాని పేరు సోమ్ తమ్ పూ. ఉప్పులో ఊరినంత మాత్రాన అది ఉడికినట్టు కాదు. దాని బదులు సోమ్ తమ్ థాయ్ అడగండి. రొయ్యలు పడనివాళ్ళు మాత్రం అందులో ఎండురొయ్యలు ఉంటాయని గుర్తుంచుకోవాలి. మాంటిస్ రొయ్య, లాబ్‌స్టర్ కూడా వాళ్ళకు పడకపోవచ్చు.

తిన్న కాసేపటికి పెదాలు, నాలుక తిమ్మిరెక్కితే హోటల్‌కు వెళ్ళి పడుకుందాం అనుకోవద్దు. టెట్రోడోటాక్సిన్‌కు విరుగుడు లేదు. కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగితే, విషం దిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచడమే చికిత్స. సమయానికి ఆ సాయం అంది మొదటి 24 గంటలు గట్టెక్కినవాళ్ళు సాధారణంగా కోలుకుంటారు. థాయిలాండ్‌లో అంబులెన్స్ నంబరు 1669. మిగిలిన ముక్కను సంచిలో కట్టి, వంటకం ఫోటో తీసి వెంట తీసుకెళ్ళండి. కలిసి తిన్నవాళ్ళకు బాగానే ఉన్నా వాళ్ళనూ కూడా తీసుకెళ్ళాలి. వాంతులు, విరేచనాలతో పాటు చల్లటి నీళ్ళు తాకితే కాలినట్టు చురుక్కుమంటే మాత్రం సిగ్వాటెరాను అనుమానించాలి. పగడపు దిబ్బ చేప తిన్నామని డాక్టరుకు మీరే చెప్పండి, ఎందుకంటే ఆ కోణంలో ఆలోచించే డాక్టర్లు మన ఊళ్ళలో అరుదు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు మద్యం, సముద్రపు చేప మానేయాలి, లేకపోతే లక్షణాలు తిరగబెట్టొచ్చు.