మోటారు లేని బాడీ, 35 ఎంఎం లెన్స్: నా కెమెరా లెక్కలు

ఆగస్టులో మొదలైన కెమెరా పిచ్చి ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకుంటున్నాను. 35 వేలు దాటనని ఇంట్లో మాటిచ్చాను. ఆ డబ్బుకి కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) ఆలోచనే అనవసరం. అందుకే అద్దం ఉండే పాత రకం, సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ వైపు వెళ్లాను. కానన్ 200డీ, నికాన్ డీ3500 మధ్య నాలుగు రోజులు ఊగిసలాడాను. కానన్‌కు స్క్రీన్ తిరుగుతుంది, కానీ నన్ను నేను తీసుకునే అలవాటు లేదు. నికాన్ బ్యాటరీ ఒక్క చార్జింగ్‌తో 1,550 ఫోటోలు ఇస్తుందని కంపెనీ లెక్క. ఊళ్లు తిరిగేవాడికి అదే కావాలి.

కాజీపేటలో ఒకాయన దగ్గర డీ3500, దాంతో వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్ (ఎంఎం పెరిగేకొద్దీ బొమ్మ దగ్గరగా కనిపిస్తుంది) కలిపి 23,500కి దొరికాయి. డబ్బులిచ్చే ముందు ఇవి చూశాను. ఒక ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లో షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులయ్యాయో) చూస్తే 11,400. ఈ మోడల్ షటర్‌ను లక్ష క్లిక్కుల దాకా పరీక్షించామని నికాన్ చెప్పుకుంటుంది కాబట్టి భయం లేదు. లెన్స్ విప్పి వెనక నుంచి ఫోన్ టార్చ్ కొట్టి సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూశాను, లేదు. ఎఫ్22 పెట్టి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) తెల్లగోడ ఫోటో తీస్తే సెన్సర్ మీద రెండు నల్ల చుక్కలు కనిపించాయి. ఆయన మొహం వాడిపోయింది, నేను 500 తగ్గించమన్నాను, తగ్గించాడు. పైన చెప్పింది తగ్గించాక ధరే. ఆ చుక్కలు 200 రూపాయల గాలి బ్లోయర్‌తో ఇంట్లోనే పోయాయి.

ఇక్కడిదాకా తెలివిగానే ఉన్నాను. తర్వాతే బోల్తాపడ్డాను.

తక్కువ ధరలో 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ కొనాలని అందరూ చెబుతారు కదా. ఒక షాపులో పాతది 4,800కి ఉంది. "తమ్మీ, మెటల్ మౌంట్, గాజు మంచిగుంటది. కిట్ లెన్స్ దీని ముందట దేనికి పనికొస్తది?" అన్నాడు షాపాయన. అబద్ధమేమీ చెప్పలేదు. నా దగ్గర ఏ బాడీ (లెన్స్ కాకుండా అసలు కెమెరా) ఉందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంటికొచ్చి బిగిస్తే వ్యూఫైండర్‌లో 'ఎఫ్‌ఈఈ' అని ఎర్రర్. లెన్స్ చెడిపోయిందనుకుని ఒకటే టెన్షన్. తర్వాత తెలిసింది, ఈ పాత లెన్సులకు అపర్చర్ రింగ్ (ఆ రంధ్రం సైజు మార్చేది) ఉంటుంది, దాన్ని 22 దగ్గర పెట్టి లాక్ చేయాలి. చేశాను, ఎర్రర్ పోయింది. కానీ షటర్ సగం నొక్కితే చప్పుడే లేదు, ఫోకస్ కదలదు.

అది ఏఎఫ్ (ఆటోఫోకస్) 50 ఎంఎం 1.8డీ. ఏఎఫ్ డీ లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు, బాడీలో ఉన్న మోటారు ఒక చిన్న స్క్రూతో దాన్ని తిప్పుతుంది. డీ7000 రకం బాడీల్లో ఆ మోటారు ఉంది. నా డీ3500లోనే కాదు, మొత్తం డీ3000, డీ5000 వరుసల్లో లేదు. వాటికి 'ఏఎఫ్-ఎస్' అనో 'ఏఎఫ్-పి' అనో రాసి ఉన్న లెన్స్ కావాలి. ఒక్క అక్షరం చూసుకోక పట్టిన తిప్పలు.

సరే, చేత్తోనే తిప్పుదామని వేయిస్తంభాల గుడికి వెళ్లాను. ఫోకస్ కుదిరితే వ్యూఫైండర్ కింద ఎడమవైపు ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఆ చుక్కను నమ్ముకుని 40 తీస్తే ఆరు పదునుగా వచ్చాయి. అంతకంటే పెద్ద బాధ జాగా. నా కెమెరాలో ఉండే చిన్న సైజు (క్రాప్) సెన్సర్ మీద 50 ఎంఎం అంటే 75 ఎంఎం అంత దగ్గరగా కనిపిస్తుంది. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది, లోపల స్తంభాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వెనక్కి జరుగుతూ పోతే వీపు ఇంకో స్తంభానికి తగిలింది, ఫ్రేములో మాత్రం ఒక్క స్తంభమైనా పూర్తిగా పట్టలేదు.

ఆ లెన్స్‌ను డీ7200 ఉన్న స్నేహితుడికి 4,300కి ఇచ్చేశాను. 500 నష్టం.

రెండోసారి వెంటనే కొనలేదు. కిట్ లెన్స్‌తో అప్పటికి తీసిన ఫోటోలన్నీ ముందేసుకుని ఏది ఎన్ని ఎంఎంలో తీశానో చూశాను. 18 దగ్గర ఎక్కువ, ఆ తర్వాత 30-40 మధ్య. జూమ్ రింగ్‌ను 35 గీత దగ్గర పెట్టి సెల్లోటేప్ చుట్టి వారం రోజులు దాంతోనే తిరిగాను. మనుషులకు, వీధులకు, గుడి లోపలికి సరిపోయింది. అప్పుడు కొన్నాను, ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం 1.8జీ, పాతది 8,700. కిట్ లెన్స్ 35 దగ్గర సుమారు ఎఫ్4.5 దాకే తెరుచుకుంటుంది, ఇది 1.8 దాకా. అంటే ఆరు రెట్ల వెలుగు. పదో వంతు సెకనులో వణికిపోయే ఫోటో అరవయ్యో వంతులో నిలబడుతుంది. పురావస్తు శాఖ గుళ్లలో ట్రైపాడ్‌కు అనుమతి తీసుకోవాలి కాబట్టి నాలాంటివాడికి ఇదే దిక్కు.

రామప్పలో మాత్రం 35 చేతులెత్తేసింది. చూరు కింద ఉన్న నల్లరాతి మదనికలు మరీ చిన్నగా వచ్చాయి. మళ్లీ కిట్ లెన్సే బిగించి 55లో తీశాను. వెనక తెల్లటి ఆకాశం ఉండి బొమ్మ నల్లటి ముద్దలా వస్తుంటే ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) +1.3కి పెంచాను, అప్పుడు నగల చెక్కడం కనిపించింది. ఆకాశం ఉత్త తెల్లగా కాలిపోయింది, పోనీ.

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి అసలు పరీక్ష. చప్పట్లు కొడుతూ తిరిగే చేతులు 1/60లో మసకబారాయి, 1/160కి పెంచాక ఆగాయి. ఐఎస్ఓ (చీకట్లో ఫోటో వెలుగు పెంచే అంకె) 3200. ఎఫ్1.8. బంతిపూల నారింజరంగు మొద్దుబారిపోతుంటే ఎక్స్‌పోజర్ -0.7కి తగ్గించాను, రేకులు విడివిడిగా తెలిశాయి. మా పెద్దమ్మ మొహం మీద ఫోకస్ పెట్టి తీసిన ఒక ఫోటో చూసుకుని నేనే మురిసిపోయాను.

పెద్దమ్మ ఫోన్‌లో చూసి, "నా మొఖం మంచిగచ్చింది గని, బతుకమ్మ ఏదిరా? గా మసక మసకగ ఉన్నదేనా? పొద్దంత గునుగు పూలకు రంగులద్దితి గదరా" అంది.

నిజమే, వెనక బ్లర్ చూసి మురిసేది మనమే. అంతా పదునుగా రావాలని ఎఫ్5.6 పెడితే ఆ చీకట్లో ఐఎస్ఓ ఎటో పోతుంది. సద్దుల బతుకమ్మ నాడు వేరే దారి చూశాను. పెద్దమ్మ బతుకమ్మను నెత్తిన పెట్టుకుని చెరువుకు బయల్దేరేదాకా ఆగాను. మొహం, బతుకమ్మ రెండూ కెమెరాకు దాదాపు ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి ఎఫ్2.8 చాలింది. కెమెరా నిలువుగా పట్టి, వెనక్కి నడుస్తూ 11 తీశాను. నాలుగు బాగున్నాయి.

లెక్క: కెమెరా 23,500, లెన్స్ 8,700, నష్టం 500, మెమరీ కార్డు 650, బ్లోయర్ 200, ఫంగస్ పట్టకుండా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ 350. మొత్తం 33,900. సద్దుల రద్దీలో 35 ఎంఎం లెన్స్ క్యాప్ ఎక్కడో పడిపోయింది, 52 ఎంఎం సైజుది ఇంకొకటి 150కి కొన్నాను. మిగిలినదాంట్లోంచి 8x12 ప్రింట్ రెండు తీయించాను. ఒకటి పెద్దమ్మ టీవీ పైన పెట్టుకుంది.