బత్తాయి పిందె

"మల్ల ఏడాదికి రాండ్రి" అన్నడు డాక్టర్ సారు. బాపు నా దిక్కు చూసిండు. "అంటే, ఉన్నదా పోయిందా?"

ఉన్నది. కడుపు ఎనుక ఉండే క్లోమంల నీటితిత్తి, 12 మిల్లీమీటర్లు. పోయినసారి గూడ అంతే. కిడ్నీల రాళ్లేమోనని స్కానింగ్ తీస్తే ఇది బయటపడ్డది.

3 సెంటీమీటర్లకు పెరిగినా, లోపల గడ్డ లేచినా, క్లోమంల పెద్ద నాళం ఉబ్బినా అప్పుడు నోట్లకెల్లి గొట్టమేసి, సూదితోని నీళ్లు తీసి పరీక్ష చేస్తరట. అప్పటిదాకా ఎమ్మారై తీసుకుంట చూసుడే. ఈ చూసుడే కష్టం. బాపుకు కాదు, నాకు.

నల్లగొండకు మర్లొస్తుంటే నార్కట్‌పల్లి కాడ చాయ్‌కి ఆగినం. ఫిల్ముల కవరు ఒళ్లె పెట్టుకొని, బొటనవేలి గోరు మీద కొలిచి చూసిండు.

"బత్తాయి పిందంత గూడ లేదు గదరా!"

చాయ్‌ల ఇంకో చెంచా చక్కెర ఎయ్యమన్నడు.