250 అన్నాక ఆ మెయిలు మనది

రోహిణి కార్తె. ఆరింటికే ఒంగోలు గోడలు సెగలు కక్కుతున్నాయి. ఆదివారం కాబట్టి చీమకుర్తి గ్రానైటు ఆఫీసు మెయిల్ సర్వర్ అప్‌గ్రేడ్‌కు కుదిరింది. ప్రాక్స్‌మాక్స్ (ఒకే యంత్రంలో చాలా కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఒక వీఎం, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్: 4 కోర్లు, 8 జీబీ ర్యామ్, లోపల మెయిళ్లు పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని దాచి ఫోన్లకు అందించే డవ్‌కాట్, స్పామ్ వడపోసే ఆర్‌స్పామ్‌డీ. నలభై మంది మెయిళ్లు. బ్లాకుల కొలతల షీట్లు, ఇన్‌వాయిస్‌లు, ఓడ పత్రాల స్కాన్లు అన్నీ ఇందులోంచే.

ముందుగా బయటి సర్వర్ల మెయిళ్లు వచ్చే 25 పోర్టు మూశాను. వీఎం లోపల కాదు, బయట ప్రాక్స్‌మాక్స్ ఫైర్‌వాల్‌లో. వెనకే మనవాళ్లు మెయిళ్లు పంపే 465, 587, చదివే 993.

స్నాప్‌షాట్ (చెడితే వెనక్కి తిప్పుకోడానికి దాచిన వీఎం డిస్కు స్థితి) ఉంది కదా, పోర్టు మూయడం ఎందుకని చాలామంది అడుగుతారు. అవతలి సర్వర్ మెయిలు అప్పగించాక మన పోస్ట్‌ఫిక్స్ 250 (అందింది) అని బదులిచ్చిందంటే, ఆ క్షణం నుంచి పూచీ మనది. అవతలివాళ్లు తమ క్యూలోంచి (పంపాల్సిన మెయిళ్ల వరుస) తీసేస్తారు, మళ్లీ పంపరు. 25 తెరిచే ఉంచి అప్‌గ్రేడ్ చేసి, అది చెడిందని రెండు గంటల తర్వాత స్నాప్‌షాట్‌కు తిప్పితే ఆ రెండు గంటల్లో తీసుకున్నవన్నీ గల్లంతు. బౌన్స్ (అందలేదనే తిరుగు మెయిలు) కూడా వెళ్లదు, అందిందనే పంపినవాళ్ల లెక్క. పోర్టు మూసి ఉంటే ఏదీ పోదు. పంపే సర్వర్ నాలుగైదు రోజులైనా ప్రయత్నించాలని మెయిళ్లు ఇచ్చిపుచ్చుకునే ఎస్‌ఎమ్‌టీపీ ప్రమాణమే చెబుతోంది. పోస్ట్‌ఫిక్స్‌లో మామూలుగా ఉండే గడువు 5 రోజులు. అందుకే ఇంత చిన్న ఆఫీసుకు రెండో ఎమ్‌ఎక్స్ (మొదటిది అందకపోతే మెయిలు తీసుకునే అదనపు సర్వర్) పెట్టవద్దంటాను. స్పామ్ పంపేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి దాని మీదే పడతారు.

వెనక్కి తిప్పడంలో ఇంకో చిక్కు ఐమ్యాప్ (ఫోన్లు సర్వర్‌లోని మెయిళ్లు చదివే పద్ధతి) నంబర్లది. ప్రతి మెయిలుకూ డవ్‌కాట్ ఒక యూఐడీ ఇస్తుంది. ఫోన్లు, అవుట్‌లుక్ వాటినే గుర్తుపెట్టుకుంటాయి. సర్వర్ నిన్నటికి వెళ్లిపోతే, నిన్న ఒక మెయిలుకిచ్చిన నంబరే ఇవాళ వేరే మెయిలుకు పడుతుంది. ఫోన్‌లో పాతదే కనిపిస్తుంది, కొత్తది అసలు దిగదు. తప్పనిసరై తిప్పితే 993 తెరిచేలోపు యూఐడీ వ్యాలిడిటీ (మారితే పాత నంబర్లు చెల్లవని తెలిపే గుర్తు) మార్చి, ఫోన్లన్నీ మొదటినుంచి దించుకునేలా చేయాలి.

పోస్ట్‌క్యూ కమాండ్‌తో చూసి, క్యూ ఖాళీ అయ్యాక వీఎంను షట్‌డౌన్ చేసి స్నాప్‌షాట్ తీశాను. క్యూలో మెయిళ్లు ఉండగా తీస్తే, తిప్పినప్పుడు ఇప్పటికే వెళ్లినవి రెండోసారి వెళ్తాయి. ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు అందితే కొనేవాళ్లకు ఏది అసలుదో అనుమానం వస్తుంది. అప్‌గ్రేడ్‌కు నలభై నిమిషాలు పట్టింది, అందులో రాయాల్సిందేమీ లేదు.

రాయాల్సింది థిన్ పూల్ గురించి, అంటే వీఎంల డిస్కులకు చోటిచ్చే ఉమ్మడి నిల్వ గురించి. వీఎంకు 200 జీబీ డిస్కు ఇచ్చామంటే అది మాట ఇవ్వడమే. రాసినంత మేరకే పూల్‌లో చోటు పోతుంది. స్నాప్‌షాట్ ఉన్నన్నాళ్లూ పాత బ్లాకులు అలాగే కూర్చుంటాయి, మారినవి కొత్తచోట పడతాయి, పూల్ పెరుగుతూ పోతుంది. మామూలు డిస్కు నిండుతుంటే పోస్ట్‌ఫిక్స్ తనే జాగ్రత్తపడుతుంది. మెసేజ్ సైజు పరిమితికి ఒకటిన్నర రెట్లు ఖాళీ లేకపోతే 452 (ఇప్పుడు చోటు లేదు) అని ఆపేస్తుంది, అవతలివాళ్లు తర్వాత వస్తారు. పూల్ నిండిన సంగతి మాత్రం వీఎంకు తెలియనే తెలియదు. లోపల డీఎఫ్ (ఖాళీ ఎంతో చూపే కమాండ్) కొడితే 80 జీబీ ఖాళీ అంటుంది, కింద పూల్ నూరు శాతం. రాయబోతే ఐఓ ఎర్రర్లు, ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ, ఒక్కోసారి డవ్‌కాట్ ఇండెక్స్‌లు పాడు. ఆ 452 కాపు ఇక్కడ పనిచేయదు. అందుకని హోస్ట్ (వీఎంలు నడిచే అసలు యంత్రం) మీద ఎల్‌వీఎస్ కమాండ్‌లో డేటా శాతం, మెటాడేటా (ఏ బ్లాకు ఎక్కడుందో రాసుకునే లెక్క) శాతం రెండూ చూడాలి; 80 దాటితే అలారం మోగాలి. డిస్కుకు డిస్కార్డ్ (ఖాళీ అయిన చోటును పూల్‌కు వదిలే సెట్టింగ్) ఆన్ చేసి, లోపల వారానికోసారి ఆ చోటేదో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడవాలి. లేకుంటే చెరిపేసిన మెయిళ్ల చోటు పూల్‌కు తిరిగి రాదు.

సైజు పరిమితి 4,09,60,000 బైట్లు పెట్టాను. 20 ఎంబీ స్కాన్ మెయిల్లోకి ఎక్కేసరికి 27 దాటుతుంది, మామూలుగా ఉండే 1,02,40,000 చాలదు. 5,12,00,000 మించితే మెయిల్‌బాక్స్ పరిమితినీ పెంచాలి, లేకపోతే డెలివరీ ఆగుతుంది.

రెండింటికి కరెంటు పోయింది. వేగం కోసం కొందరు వీఎం డిస్కు క్యాష్‌ను (రాసేముందు ర్యామ్‌లో ఆపుకునే తీరు) అన్‌సేఫ్‌లో పెడతారు. దయచేసి పెట్టకండి. పోస్ట్‌ఫిక్స్ మెయిలును డిస్కుకు ఎఫ్‌సింక్ (నిజంగా డిస్కులో పడేదాకా ఆగడం) చేశాకే 250 అంటుంది. అన్‌సేఫ్ ఆ ఎఫ్‌సింక్‌ను పట్టించుకోకుండా రాసేశానని చెబుతుంది. కరెంటు పోతే ఆ మాట అబద్ధమవుతుంది. ఇక్కడ క్యాష్ నన్ (హోస్ట్ ర్యామ్‌లో ఆపుకోదు), కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసేలా కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ 40 శాతానికి పడితే హోస్ట్‌ను ఆపేయమని యూపీఎస్ నుంచి ఆదేశం. ఇరవై నిమిషాల్లో కరెంటు వచ్చింది, బ్యాటరీ 70 దిగలేదు.

మూడింటికి పోర్టులు తెరిచాను. కాసేపటికే చీమకుర్తి అకౌంటెంట్ ఫోన్: "అన్నా, బయ్యరు పొద్దున పంపానంటున్నాడు, ఇంకా రాలేదే?" పంపే సర్వర్ ఆగి ఆగి ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే మొదట 300 సెకండ్లకు, తర్వాత వ్యవధి పెంచుకుంటూ 4,000 సెకండ్ల దాకా. గంటా పది నిమిషాలు ఓపిక పట్టమన్నాను. 3:52కి లాగ్‌లో ఆ మెయిలు పడింది.

ఐదింటికి స్నాప్‌షాట్ తీసేశాను. పూల్ 74 నుంచి 66కి దిగింది.